నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఎంబీఏ: ఐసెట్ నుంచి ప్రాజెక్ట్ వైవా దాకా ఎలా చదవాలి

ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం రాష్ట్రం నడిపే ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసినవాళ్లలో ఎక్కువమంది అర్హత సాధిస్తారు. ఏదో ఒక కాలేజీలో సీటూ వస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు గడిచి చేతికి పట్టా వచ్చాక, ఇంటర్వ్యూలో "వర్కింగ్ క్యాపిటల్ అంటే ఏమిటి, ఒక ఉదాహరణ చెప్పండి" అని అడిగితే నోరు పెగలదు. చుట్టూ చూస్తే రొయ్యల చెరువులు, చీమకుర్తి క్వారీలు, పొగాకు వేలం కేంద్రాలు, రైస్ మిల్లులు, కృష్ణపట్నం రేవు. పుస్తకంలోని ప్రతి పాఠానికీ ఇక్కడ బతికి ఉన్న ఉదాహరణ దొరుకుతుంది. దాన్ని వాడుకుంటూ చదవడం ఎలాగో వరసగా చెబుతాం.

ముందు దారి తేల్చుకోండి

మూడు దారులున్నాయి. ఐఐఎంలు, పెద్ద బిజినెస్ స్కూళ్లు లక్ష్యమైతే క్యాట్ రాయాలి. దాని నోటిఫికేషన్ సాధారణంగా జులై నెలాఖరులో వస్తుంది, పరీక్ష నవంబరు చివరి ఆదివారం. ఇంగ్లిష్, డేటా విశ్లేషణ–లాజిక్, లెక్కలు అని మూడు భాగాలు, భాగానికి 40 నిమిషాలు. మన రాష్ట్రంలో విశాఖపట్నం ఐఐఎం 2015 నుంచి ఉంది. క్యాట్‌కు కనీసం ఎనిమిది నెలల ముందు మొదలుపెట్టాలి. డిగ్రీ చివరి ఏడాది డిసెంబరులో గుర్తొచ్చి మొదలుపెడితే ఆ ఏడాది పరీక్ష అప్పటికే దాటిపోయి ఉంటుంది.

ఇల్లు వదలకుండా, లేదా ఇంటికి దగ్గరగా చదవాలంటే ఐసెట్. నెల్లూరు దగ్గర కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇవి కాక రెండు జిల్లాల్లోనూ ఎంబీఏ నడిపే ఇంజినీరింగ్ కాలేజీలు చాలానే ఉన్నాయి. నెల్లూరు వైపు ఇంజినీరింగ్ కాలేజీలు జేఎన్టీయూ అనంతపురం కింద, ప్రకాశం వైపువి జేఎన్టీయూ కాకినాడ కింద వస్తాయి. సిలబస్, ఇంటర్నల్ మార్కుల లెక్క యూనివర్సిటీని బట్టి మారతాయి. పక్క జిల్లాలో చదివే స్నేహితుడి నోట్సు తెచ్చుకుని అదే చాలనుకుంటే పరీక్ష హాల్లో ఇబ్బంది పడతారు.

ఇప్పటికే ఉద్యోగంలో ఉంటే దూరవిద్య మేలు. ఇగ్నోలో ఎంబీఏకు ఇప్పుడు ప్రవేశ పరీక్ష లేదు. డిగ్రీలో 50 శాతం ఉంటే చాలు, రిజర్వేషన్ వర్గాలకు 45 శాతం. ఏ దూరవిద్య కోర్సులో చేరినా, ఆ సంవత్సరానికి ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్య బ్యూరో అనుమతి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. ఏజెంటు ఫోన్‌లో చూపించిన కాగితాన్ని నమ్మి డబ్బు కట్టకండి. రెగ్యులర్ కాలేజీ అయితే ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) అనుమతి చూడాలి.

ఐసెట్‌కు తయారవడం

200 ప్రశ్నలు, 200 మార్కులు, 150 నిమిషాలు. అంటే ప్రశ్నకు 45 సెకన్లు. తప్పు రాసినా మార్కు పోదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. అర్హతకు 25 శాతం, అంటే 50 మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. విశ్లేషణకు 75, కమ్యూనికేషన్‌కు 70, గణితానికి 55 ప్రశ్నలు. కమ్యూనికేషన్ భాగం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, మిగతా రెండూ తెలుగులోనూ కనిపిస్తాయి.

విశ్లేషణలో డేటా సఫిషియెన్సీ ప్రశ్నలు 20. ఇచ్చిన సమాచారం జవాబుకు చాలుతుందా లేదా అన్నదే ఇక్కడ తేల్చాలి. చాలామంది వీటికి జవాబు కట్టడానికి కూర్చుంటారు, అక్కడే సమయం పోతుంది. ఉదాహరణకు: ఒక వస్తువు అమ్మిన ధర ఎంత? మొదటి వాక్యం, లాభం 20 శాతం. రెండో వాక్యం, కొన్న ధర 500 రూపాయలు. విడివిడిగా ఏదీ చాలదు, రెండూ కలిపితే చాలు. అంతటితో జవాబు అయిపోయింది. 600 అని లెక్క కట్టే పనే లేదు. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే ఇరవై ప్రశ్నల మీద అయిదారు నిమిషాలు మిగులుతాయి.

బీఏ చదివినవాళ్లు గణితం చూసి భయపడతారు. ఆ 55లో పెద్ద వాటా అంకగణితానిదే: శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు, కాలం–పని, వడ్డీ. పదో తరగతి పుస్తకం స్థాయే. ముందు అంకగణితాన్ని గట్టి చేసుకుని, ఆ తర్వాత స్టాటిస్టిక్స్‌లో సగటు, మధ్యగతం, బాహుళకం చూసుకోండి. త్రికోణమితి చివరికి. కమ్యూనికేషన్‌లో వ్యాపార, కంప్యూటర్ పదజాలం ఉంటుంది. వాటికి రోజుకు పది పదాలు చొప్పున నేర్చుకుంటే చాలు. చివరి మూడు వారాలు రోజు విడిచి రోజు 150 నిమిషాలు కదలకుండా కూర్చుని పాత పేపరు ఒకటి రాయండి. ఇంట్లో లేవకుండా రెండున్నర గంటలు కూర్చోలేనివాళ్లు అసలు పరీక్షలో చివరి యాభై ప్రశ్నల దగ్గర తడబడతారు.

కాగితాలు, లోకల్ ఏరియా, వెబ్ ఆప్షన్లు

మన రెండు జిల్లాలవాళ్లు జాగ్రత్తగా చూసుకోవలసిన సంగతి ఒకటుంది. కాన్వీనర్ సీట్ల (ఐసెట్ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చేవి) లెక్కలో నెల్లూరు శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ ఏరియాలోకి, ప్రకాశం ఆంధ్ర యూనివర్సిటీ ఏరియాలోకి వస్తాయి. 85 శాతం సీట్లు ఆ ఏరియా లోకల్ అభ్యర్థులకు, మిగిలిన 15 శాతానికి అందరూ పోటీ పడవచ్చు. కావలిలో చదువుకున్నవాళ్లకు ఒంగోలు కాలేజీకి వెళ్లిరావడం సులువే కావచ్చు, కానీ అక్కడ వాళ్లు నాన్‌లోకల్. నిరుడు ఆ కాలేజీలో చివరి ర్యాంకు ఎంతో చూసేటప్పుడు ఏ ఏరియా వరసలో చూస్తున్నారో సరిచూసుకోండి. జిల్లాల హద్దులు మారిన కందుకూరు లాంటి చోట్లవాళ్లు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో తమ ప్రాంతం ఎక్కడుందో చదువుకోవాలి. లోకల్ అనేది ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారన్నదాన్ని బట్టి రాదు, ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి వస్తుంది. అందుకే తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడి మూతపడినవాళ్లు మండల విద్యాధికారి కార్యాలయానికి ఇప్పుడే వెళ్లండి. కౌన్సెలింగ్ మొదలయ్యాక పరుగెడితే ఆ వారం చాలదు.

కులం, ఆదాయం, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు సచివాలయంలో ముందే తీసి పెట్టుకోండి. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయేమో చూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండటం మనవైపు మామూలే. ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు సాధారణంగా అక్కడే ఆగుతుంది.

వెబ్ ఆప్షన్లలో, అంటే కౌన్సెలింగ్‌లో మీరిచ్చే కాలేజీల జాబితాలో, చాలామంది చేసే తప్పు, "వచ్చేలా ఉన్న" కాలేజీని మొదట పెట్టడం. కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి కిందికి చూసి, మీ ర్యాంకుకు అందిన మొదటి సీటును ఇచ్చేస్తుంది. కింద ఉన్న మంచి కాలేజీలో సీటు ఖాళీగా ఉన్నా మీకు రాదు. కాబట్టి మీకు నిజంగా కావలసిన వరసలోనే పెట్టండి, సులువుగా వచ్చేవి అడుగున ఉంచండి. అసలు వెళ్లని కాలేజీని సంఖ్య కోసం చేర్చకండి. సేవ్ చేశాక ఆ పేజీని ప్రింట్ తీసుకోండి.

కాన్వీనర్ సీట్లు 70 శాతం, మేనేజ్‌మెంట్ సీట్లు 30 శాతం. రీయింబర్స్‌మెంట్ మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. ప్రైవేటు కాలేజీల్లో పీజీకి రీయింబర్స్‌మెంట్ నిబంధనలు ఇటీవలి సంవత్సరాల్లో మారుతూ వచ్చాయి. చేరే ముందు "ఈ ఏడాది, ఈ కోర్సుకు, నాకు వర్తిస్తుందా" అని కాలేజీ ఆఫీసులో అడిగి, వర్తించకపోతే కట్టాల్సిన మొత్తం ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు బస్సు ఫీజు, పరీక్ష ఫీజు, ఇతర ఫీజు అన్నీ కలిపి అడగండి. ఆ తర్వాత లైబ్రరీలోకి వెళ్లి ఎంబీఏ పుస్తకాల ఇష్యూ రిజిస్టర్ చూపమనండి. అది నిండుగా ఉంటే అక్కడ చదువు జరుగుతున్నట్టే.

తరగతులు మొదలయ్యేలోపు ముప్పై రోజులు

సీటు ఖాయమయ్యాక తరగతులకు నెల, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఖాళీ వస్తుంది. బీకాం కానివాళ్లకు ఆ నెలే ఆధారం.

మొదటి పదిహేను రోజులు జమాఖర్చులు. ఇంటర్ సీఈసీ అకౌంటెన్సీ పుస్తకం తెచ్చుకోండి. చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా (ట్రయల్ బ్యాలెన్స్), లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ (బ్యాలెన్స్ షీట్), ఈ వరసలోనే. ఊళ్లో తెలిసినవాళ్ల కిరాణా షాపు ఒకటి ఎంచుకుని, ఒక వారం కొనుగోళ్లు, అమ్మకాలు, అరువు, అద్దె, కరెంటు బిల్లు రాసుకుని వాటితో అంకణా కట్టండి. రెండు వైపులా మొత్తం కలవకపోతే, తేడాను 2తో భాగించి ఆ అంకె ఎక్కడైనా తప్పు వైపున పడిందేమో వెతకండి. తేడా 9తో భాగింపబడితే అంకెలు తారుమారై ఉండొచ్చు, 540కి బదులు 450 రాసినట్టు. ఈ వెతుకులాటలో నేర్చుకునేది ఏ గైడూ నేర్పదు.

తర్వాతి పదిహేను రోజులు ఎక్సెల్. మొదట శాతాలు, ఇఫ్, వీలుకప్ ఫంక్షన్లు, ఆపైన డేటాను వర్గాల వారీగా కుదించి చూపే పివట్ టేబుల్. సొంత కంప్యూటర్ లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో రోజుకు గంట అడిగి తీసుకోండి. ఫోన్‌లో ఎక్సెల్ నేర్చుకోవడం కుదరదు. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీ తర్వాత నేర్చుకోవచ్చు. జమాఖర్చులు రాకుండా ట్యాలీ నేర్చుకుంటే ఏ బటన్ ఎందుకు నొక్కుతున్నారో తెలియదు.

మొదటి ఏడాది సబ్జెక్టులు

యూనివర్సిటీని బట్టి పేర్లు మారినా, మొదటి ఏడాదిలో వచ్చేవి దాదాపు ఇవే: మేనేజ్‌మెంట్ సూత్రాలు, సంస్థాగత ప్రవర్తన, అకౌంటింగ్, మేనేజీరియల్ ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, వ్యాపార చట్టాలు, ఆపైన ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్‌ఆర్, ఆపరేషన్స్, రీసెర్చ్ మెథడాలజీ. సిద్ధాంతం ఎక్కువ ఉన్నవి నోట్సు చదివి పాసవ్వచ్చు. బ్యాక్‌లాగులు మాత్రం అకౌంటింగ్, స్టాటిస్టిక్స్, ఫైనాన్స్, ఆపరేషన్స్ రీసెర్చ్‌లలో పడతాయి. వారంలో మీకున్న చదువు గంటల్లో సగానికి పైగా వీటికే ఇవ్వండి.

లెక్కలున్న సబ్జెక్టును చూస్తూ చదవకండి. పరిష్కరించిన లెక్కను ఒకసారి చదివి, పుస్తకం మూసి, కాగితం మీద మొత్తం వేయండి. ఎక్కడ ఆగిపోయారో ఆ గీత పక్కన గుర్తు పెట్టి, మర్నాడు ఆ చోటు నుంచే మళ్లీ వేయండి.

ఒక లెక్క దగ్గరగా చూద్దాం. ఒక యంత్రానికి లక్ష రూపాయలు పెట్టుబడి. మూడేళ్లపాటు ఏటా 40,000 వస్తుంది. పెట్టుబడి ఎన్నాళ్లకు తిరిగొస్తుందో చూసే పేబ్యాక్ పద్ధతిలో రెండున్నరేళ్లకే డబ్బు తిరిగొస్తుంది, మొత్తం 1,20,000 చేతికొస్తుంది, కాబట్టి బాగుందనిపిస్తుంది. ఇప్పుడు 10 శాతం డిస్కౌంట్ రేటు (రేపు వచ్చే డబ్బును ఇవాళ్టి విలువకు తగ్గించే రేటు) వేయండి. మొదటి ఏడాది 40,000 ఇవాళ్టి విలువ 36,364. రెండో ఏడాదిది 33,058. మూడో ఏడాదిది 30,053. మొత్తం 99,475. పెట్టిన లక్ష తీసేస్తే 525 రూపాయల లోటు. ప్రాజెక్టు వద్దు. అదే 9 శాతం రేటు అయితే దాదాపు 1,250 మిగులు వస్తుంది. ఒక్క శాతం వడ్డీ తేడాతో నిర్ణయం తలకిందులైంది. అప్పు ఎక్కడ, ఎంతకు తెచ్చారన్నది వ్యాపారానికి ఎందుకు ప్రాణమో ఈ మూడు వరసల్లో తేలిపోతుంది.

దీన్నే ఎక్సెల్‌లో వేసేటప్పుడు చాలామంది పొరపడతారు. ఎన్‌పీవీ (నికర ప్రస్తుత విలువ) ఫంక్షన్ మీరిచ్చిన మొదటి అంకెను ఏడాది చివర వచ్చినట్టుగా లెక్కిస్తుంది. లక్ష పెట్టుబడిని కూడా ఫంక్షన్ లోపల పెడితే దాన్నీ 10 శాతంతో తగ్గించేస్తుంది. అందుకే మూడు రాబడులను మాత్రమే ఫంక్షన్‌లో ఇచ్చి, పెట్టుబడిని బయట తీసివేయండి. జవాబు కాగితం మీద వేసిన లెక్కతో కలవాలి.

పరీక్షలో సిద్ధాంత ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు నిర్వచనం రెండు వరసలు, పటమో పట్టికో ఒకటి, అంశాలు, ఆ తర్వాత మన చుట్టుపక్కల నుంచి ఒక ఉదాహరణ. సరఫరా గొలుసు మీద ప్రశ్న వస్తే, చెరువు గట్టు నుంచి ఐస్ వేసిన ట్రేలలో ప్రాసెసింగ్ ప్లాంటుకు వెళ్లే రొయ్య దారి గీసి చూపించండి. వంద పేపర్లలో ఒకే గైడు జవాబు చదివిన ఎగ్జామినర్ అక్కడ ఆగి చదువుతాడు.

హాజరు 75 శాతం ఉండాలి. దానికి తగ్గితే 65 శాతం వరకు వైద్య కారణాలతో ఫీజు కట్టి మినహాయింపు తీసుకునే వీలు సాధారణంగా ఉంటుంది, అంతకంటే తగ్గితే సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. పార్ట్‌టైమ్ పని చేసుకునేవాళ్లు ఈ లెక్క ప్రతి నెలా చూసుకోవాలి.

ఇంగ్లిష్ భయం

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు తరగతిలో వెనక బెంచీకి వెళ్లడానికి అసలు కారణం ఇదే. దీనికి ఓ పద్ధతి ఉంది. ఒక వ్యాపార వార్తను, ఉదాహరణకు రిజర్వ్ బ్యాంకు రెపో రేటు నిర్ణయాన్ని, ముందు తెలుగు దినపత్రిక బిజినెస్ పేజీలో చదవండి. విషయం అర్థమయ్యాక అదే వార్తను ఇంగ్లిష్ పత్రికలో చదవండి. అర్థం ముందే తెలుసు కాబట్టి డిక్షనరీ అవసరం తక్కువ. తర్వాత నాలుగు వాక్యాల్లో దాన్ని పైకి చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. రోజుకు ఒక్క వార్త చాలు, వారానికోసారి పాత రికార్డులు వినండి. సెమినార్ చెప్పేటప్పుడు స్లైడు మీద ఉన్నది చదవకండి. స్లైడుకు నాలుగు వరసలు మించనివ్వకండి.

స్పెషలైజేషన్

"హెచ్‌ఆర్ సులువు, లెక్కలు ఉండవు" అని ఎంచుకోకండి. ఫైనాన్స్ తీసుకుంటే బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు), ఆడిటర్ ఆఫీసులు, సంస్థల అకౌంట్స్ విభాగాలు. మార్కెటింగ్ తీసుకుంటే మేత కంపెనీలు, పురుగుమందుల కంపెనీలు, సిమెంటు, ఆటోమొబైల్ డీలర్లు. ఊరూరా తిరిగే ఓపిక ఉండాలి. హెచ్‌ఆర్ అయితే నాయుడుపేట, మాంబట్టు, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుంది. కానీ అక్కడ అడిగేది పీఎఫ్, ఈఎస్‌ఐ, హాజరు, జీతాల లెక్కలే. అంటే హెచ్‌ఆర్‌కూ ఎక్సెల్ కావాలి. ఫైనాన్స్‌వాళ్లు జీఎస్‌టీ రిటర్న్‌లు కూడా నేర్చుకోండి: నెలవారీ దాఖలు చేసేవాళ్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్–1 మర్నెల 11వ తేదీకి, పన్ను కట్టే జీఎస్‌టీఆర్–3బీ 20వ తేదీకి.

ప్రాజెక్ట్: రెండేళ్లలో మీకు మిగిలే ఆస్తి

ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతోంది. జిరాక్స్ సెంటర్లో రెడీమేడ్ ప్రాజెక్ట్ కొని, కంపెనీ పేరు మార్చి, బైండింగ్ చేయించి ఇచ్చేస్తున్నారు. వైవాలో (నోటి పరీక్షలో) గట్టెక్కినా, ఉద్యోగ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు, ఎందుకంటే ఫ్రెషర్‌ను అడగడానికి వాళ్ల దగ్గర ఉన్నది ఆ ప్రాజెక్ట్ ఒక్కటే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, 40 దాటితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

మొదటి పని, అంశాన్ని చిన్నది చేయడం. "ఆక్వా రంగంపై ఒక అధ్యయనం" అన్నది అంశం కాదు. "అప్పు మీద మేత కొనే రొయ్యల రైతుకు పడే అసలు వడ్డీ ఎంత" అన్నది అంశం. దీన్నే తీసుకుని చూద్దాం, ఈ అంకెలు ఊహించినవి. మేత బస్తా 25 కిలోలు. నగదుకు 2,400, అప్పుకు 2,550. తేడా 150, అంటే 6.25 శాతం. ఈ అప్పు ఎన్నాళ్లకు? పంట 110 రోజులైతే 110 అని వేస్తారు విద్యార్థులు. అది తప్పు. మేత మొత్తం మొదటి రోజే కొనరు. రొయ్య పెరిగేకొద్దీ మేత పెరుగుతుంది, చివరి నెలలోనే ఎక్కువ పడుతుంది. బస్తాల వారీగా తేదీలు తీసుకుని సగటు కడితే, పట్టుబడికి (రొయ్యలు పట్టి అమ్మే రోజుకు) 45 రోజుల ముందు కొన్నట్టు తేలిందనుకోండి. కొనుగోలుదారు డబ్బు ఇవ్వడానికి ఇంకో 10 రోజులు. మొత్తం 55 రోజులు. 6.25ను 365తో గుణించి 55తో భాగిస్తే ఏడాదికి 41 శాతం పైమాటే. అదే 110 రోజులు వేస్తే 20.7 శాతం వచ్చేది. రైతు దగ్గర ఉన్న బిల్లుల కట్టే మీ ప్రాజెక్ట్. దాన్ని బ్యాంకు పంట రుణంతో పోల్చి, అయినా రైతు డీలర్ దగ్గరికే ఎందుకు వెళుతున్నాడో కారణాలు రాస్తే మూడో అధ్యాయం వచ్చేసినట్టే.

చీమకుర్తిలో అయితే గెలాక్సీ గ్రానైట్ బ్లాకుల నిల్వ: ఏ సైజు, ఏ నాణ్యత బ్లాకు ఎన్ని రోజులు యార్డులో ఉంటోంది, అందులో చిక్కుకున్న డబ్బెంత. టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, కందుకూరు వైపువాళ్లకు పొగాకు వేలం: గ్రేడుల వారీగా ధరలు వారం వారం ఎలా కదిలాయి. ప్రకాశంలో వేలం సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలో మొదలవుతుంది, అది మీ నాలుగో సెమిస్టర్‌తో సరిగ్గా కలుస్తుంది. ఉదయం వేలం నడుస్తుండగా రైతుని ఆపి ప్రశ్నలు అడగకండి, బేళ్లు అమ్ముడయ్యాక మాట్లాడండి. నెల్లూరు వైపు ధాన్యం, మిల్లులు, కృష్ణపట్నం చుట్టూ నూనె రిఫైనరీలు, లారీ రవాణా ఉన్నాయి.

సంస్థలోకి వెళ్లడానికి కాలేజీ లెటర్ ఒక్కటే చాలదు. యజమాని భయం, లెక్కలు బయటికి పోతాయని. ముందే చెప్పండి: పేరు రాయను, అసలు అంకెలు వేయను, మొదటి ఏడాదిని 100గా తీసుకుని సూచీలుగా చూపిస్తానని. చాలామంది ఆ మాట మీద ఒప్పుకుంటారు. అప్పటికీ కుదరకపోతే లిస్టెడ్ కంపెనీల వార్షిక నివేదికలు ఉచితంగా దొరుకుతాయి: అవంతి ఫీడ్స్, దొడ్ల డెయిరీ లాంటివి. ప్రైవేటు కంపెనీ పత్రాలు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో 100 రూపాయలు కట్టి చూడొచ్చు.

ప్రశ్నావళి తెలుగులో ఉండాలి. "మీరు సంతృప్తిగా ఉన్నారా" అని అయిదు గళ్లు ఇస్తే, "ఏముంది అబ్బయ్యా, పర్లేదు" అని అందరూ మధ్య గడే చెబుతారు. ఆ డేటాతో ఏమీ తేలదు. అభిప్రాయం అడగకుండా లెక్క అడగండి: పోయిన పంటకు ఎన్ని బస్తాలు అప్పు తెచ్చారు, ఎన్నాళ్లకు తీర్చారు. కొలతలు ఒకే రకంలోకి మార్చుకోండి. నెల్లూరులో ధాన్యం ధర పుట్టికి చెబుతారు, పుట్టి అంటే 850 కిలోలు. ప్రకాశం రైతు బస్తా లెక్క చెబితే బస్తా ఎన్ని కిలోలో అడిగి రాసుకోండి. అన్నీ క్వింటాల్‌లోకి తెచ్చాకే సగటు తీయండి. ముందుగా పదిమందితో నింపించి చూస్తే ఏ ప్రశ్న అర్థం కావడం లేదో తెలుస్తుంది. ఆ పది ఫారాలు అసలు శాంపిల్‌లో కలపకండి.

శాంపిల్ 100 ఎందుకు తీసుకున్నారని వైవాలో తప్పకుండా అడుగుతారు. యాదృచ్ఛికంగా ఎంచుకున్న 100 మందితో, 95 శాతం నమ్మకం స్థాయిలో, శాతాల్లో వచ్చే పొరపాటు దాదాపు 10 శాతం అటూ ఇటూ. దాన్ని 5కు తగ్గించాలంటే 385 మంది కావాలి. సమయం చాలక 100కు పరిమితమయ్యామని, కాబట్టి చిన్న తేడాల మీద తీర్పు చెప్పలేదని నిజాయితీగా రాయండి. తెలిసినవాళ్లనే అడిగి ఉంటే అది యాదృచ్ఛిక శాంపిల్ కాదని కూడా రాయాలి.

రెండు విషయాల మధ్య సంబంధం ఉందో లేదో చూసే కై–స్క్వేర్ పరీక్ష చాలా రిపోర్టుల్లో తప్పుగా ఉంటుంది. అయిదు ఆదాయ వర్గాలు, అయిదు జవాబులు పెడితే 25 గళ్లు. 100 మందిని 25 గళ్లలో పరిస్తే సగటున గడికి నలుగురు. గడిలో ఆశించే సంఖ్య కనీసం 5 ఉండాలన్నది ఈ పరీక్షకు సాధారణంగా పాటించే నియమం. కాబట్టి ఫలితం నమ్మదగ్గది కాదు. ఆదాయాలను మూడు వర్గాలకు, జవాబులను రెండుకు కుదిస్తే ఆరు గళ్లే, గడికి సగటున 16 పైన. అప్పటికీ ప్రతి గడిలో ఆశించే సంఖ్య విడిగా లెక్క వేసి చూసుకోండి. ఈ కుదింపు విశ్లేషణ మొదలయ్యాక చేసేది కాదు, ప్రశ్నావళి రాసేటప్పుడే ఆలోచించాలి.

రిపోర్టు, వైవా

ముందుగా పట్టికలు, వాటి కింద తేలిన విషయాలు రాయండి. తర్వాత పద్ధతి, ఆ తర్వాత సాహిత్య సమీక్ష, చివరికి పరిచయం. పరిచయంతో మొదలుపెట్టినవాళ్లు కంపెనీ చరిత్ర ఇరవై పేజీలు రాసి, విశ్లేషణ దగ్గరికి వచ్చేసరికి గడువు అయిపోతుంది. ప్రతి పట్టిక కింద "పై పట్టిక ప్రకారం 40 శాతం అవును అన్నారు" అని పట్టికనే మళ్లీ చదివి వినిపించకండి. ఆ 40 ఎందుకు వచ్చింది, ఎవరిలో ఎక్కువ, అది యజమానికో రైతుకో ఏం చెబుతోంది అన్నది రాయండి. సూచనలు మూడు చాలు, ఒక్కోదానికి అయ్యే ఖర్చు, ఆదా అంకెల్లో ఉండాలి. "ప్రకటనలు పెంచాలి" లాంటి సూచన ఎవరికీ పనికిరాదు.

మీ ప్రాజెక్ట్‌ను చూసే లెక్చరర్‌కు అధ్యాయాలు ఒక్కొక్కటిగా ఇవ్వండి, అన్నీ ఒకేసారి ఇస్తే ఎవరూ చదవరు. సంతకాల కోసం చివరి వారం సంస్థ చుట్టూ తిరగకుండా, పని పూర్తయిన రోజే సర్టిఫికెట్ తీసుకోండి. నింపిన ఫారాలన్నీ కట్టగట్టి వైవా గదిలోకి తీసుకెళ్లండి. ఎగ్జామినర్ అనుమానపడితే ఏదో ఒక ఫారం తీసి చూపించవచ్చు. ఆయన అడిగేవి దాదాపు ఇవే: ఈ అంశమే ఎందుకు, శాంపిల్ ఎలా ఎంచారు, ఈ పరీక్షే ఎందుకు వాడారు, మీకు ఆశ్చర్యం కలిగించిన ఫలితం ఏది, సంస్థ మీ సూచనను అమలు చేస్తే ఎంత మిగులుతుంది. అయిదింటికీ రెండేసి నిమిషాల జవాబు తయారు చేసుకోండి.

రెజ్యూమేలో ప్రాజెక్ట్ పేరు ఒక్కటే రాసి వదిలేయకండి. "64 మంది రొయ్యల రైతుల మేత బిల్లులు సేకరించి, అప్పు మీద పడే వార్షిక వడ్డీ లెక్క కట్టాను" అన్నట్టు, చేసిన పని, ఎంతమందితో చేశారో, ఏం తేలిందో ఒక్క వరసలో మీ అసలు అంకెలతో రాయండి. సంస్థ యజమానికి రిపోర్టు కాపీ ఒకటి, తెలుగులో రెండు పేజీల సారాంశంతో కలిపి ఇచ్చి రండి.